ట్రైలరుకు కీర్తన కట్టిన ఒరెస్త్

ఒరెస్త్ పసిచ్నిక్ గొంతు మా కలీనా గ్రామంలో రెండు చోట్ల వినిపించేది: ఆదివారాలు చర్చిలో, మిగిలిన రోజులు ఆయన ఇంటి పక్క ఖాళీ స్థలంలో, కారు వెనుక తగిలించి లాగే ఇల్లులాంటి ఒక పాత ట్రైలరు చుట్టూ. రెండు చోట్లా రాగం ఒక్కటే. చర్చిలో ఫాదర్ సెవెరిన్ ఒక వాక్యం పలికితే, దానికి రాగయుక్తంగా బదులు పాడే గాయకుడు ఒరెస్త్. ధాన్యపు గిడ్డంగిలో తూకం చూసే ఉద్యోగం నుంచి ఆయన విరమించాడు గాని, ఈ పాట నుంచి విరమించలేదు; విరమించమని అడిగే ధైర్యం ఎవరికీ లేదు.

మనిషి పొడుగు, మీసం తెలుపు. ప్యాంటు జారకుండా నడుముకు బెల్టూ, భుజాల మీదుగా పట్టీలూ, రెండూ ధరించేవాడు. ఒకటి తెగితే రెండోది నిలుస్తుందని ఆయన వాదన. అంతటి ముందుచూపు ప్యాంటును దాటి ట్రైలరు దాకా రావడానికి మాత్రం పూర్తిగా ఒక వేసవి పట్టింది.

భార్య ఒదార్క పొట్టి మనిషి, చురుకైనది. చర్చి మహిళా సంఘంవారు పెరోగీలు, అంటే బంగాళదుంప కూరిన కజ్జికాయల్లాంటివి, ఒత్తే బల్ల దగ్గర ఆమె మాటకు తిరుగు లేదు. అంచు సరిగ్గా నొక్కని పెరోగీని ఆమె చిటికెనవేలితో పక్కకు తోసిందంటే, దానిని ఒత్తిన ఇల్లాలు ఆ వారమంతా తల ఎత్తేది కాదు. ఆసుపత్రి వంటశాలలో పనిచేసిన రోజుల్లో, ఒక తెల్లవారుజామున కిటికీలోంచి ధాన్యపు గిడ్డంగి వైపు చూస్తూ, "ఎప్పటికైనా ఒక్క వేసవి, పొద్దున్నే కాఫీ తాగుతూ దీన్ని కాకుండా నీళ్ళని చూడాలనుంది" అని ఆమె అన్నదట. అన్నావిడ మరిచిపోయింది. విన్నాయన మరిచిపోలేదు. పదవీ విరమణ చేసిన మరుసటి వసంతంలో పొరుగూరి వేలంపాటకు వెళ్ళి, నారింజ, గోధుమ రంగు చారలున్న పాత ట్రైలరును, ఆమెకు మాట మాత్రమైనా చెప్పకుండా ఇంటికి లాక్కొచ్చాడు. దాని కిటికీ తెరల నిండా పుట్టగొడుగుల బొమ్మలు. ఒదార్క గుమ్మంలో నిలబడి దానిని పైనుంచి కిందిదాకా చూసి, "ఇందులో ఎవరైనా చచ్చిపోయారా?" అని మాత్రం అడిగింది.

సరస్సుకు మొదటి ప్రయాణం రోజున ఒదార్క తమ్ముడు మెట్రో వచ్చి, ట్రైలరు చుట్టూ చేతులు వెనక్కి కట్టుకుని తిరిగాడు. అతని అసలు పేరు ద్మిత్రో. ఆ పేరుతో పిలిచేది బ్యాంకువాళ్ళు మాత్రమే. చలికాలంలో గడ్డకట్టిన సరస్సు మీదికి ఇలాంటి డబ్బా ఒకటి ఈడ్చుకుపోయి, దాని నేలకూ, కింది మంచుకూ రంధ్రం కోసి, లోపల వెచ్చగా కూర్చుని చేపలు పట్టాలన్నది మెట్రో చిరకాల వాంఛ.

"టైర్లు చూశావా, బావా?"

"చూశాను. ఆ గాడులు చూడు, కొత్త బూటు అడుగులా ఎలా ఉన్నాయో."

"వయసెంతో?"

"టైరుకు వయసేమిటోయ్? దానికేమన్నా పెళ్ళి చేస్తావా?"

సరస్సు కనుచూపు మేరకు రాకముందే కుడివైపు టైరు పేలింది. ఎవరో జింకను కాల్చారనుకుని ఒదార్క తల వంచుకుంది. సాయానికి ఆగిన ఒక రైతు, చీలికలైన రబ్బరును బూటు మొనతో కదిపి చూశాడు.

"గాడులు కాదు పెద్దాయనా, చూడాల్సింది పక్కనున్న అంకెలు. ఏ వారంలో పుట్టిందో, ఏ ఏడు పుట్టిందో దాని ఒంటిమీదే ఉంటుంది. ఎక్కడికీ తిరక్కపోయినా ఎండకి ముసలిదైపోతుంది. ఇది నా పెళ్ళికంటే పాతది."

"మీ పెళ్ళెలా ఉంది?" అని ఒదార్క అడిగింది.

"అదీ పగుళ్ళిచ్చిందమ్మా. కానీ ఇంకా పేల్లేదు."

రెండో అవమానం సరస్సు ఒడ్డున జరిగింది. భోజనానంతరం దంపతులు కునుకు తీస్తుండగా, నేలకు దగ్గరగా గోడకు బిగించిన గ్యాసు అలారం ఒక్కసారిగా గొంతు చించుకుంది. ఒదార్క లోపావడాతో, జుట్టు ఉంగరాలు తిరగడానికి చుట్టుకున్న గొట్టాలతో బయటికి పరుగెత్తింది. ఎదుట, చెట్ల నీడన, మహిళా సంఘం యావత్తూ కేకు తింటున్నది. ఒరెస్త్ బయటికి రాలేదు. లోపలే మోకాళ్ళ మీద కూర్చుని అలారం తీగలు పీకుతున్నాడు.

"బయటికి రావయ్యా మగడా! నిజంగా గ్యాసైతే?"

"గ్యాసైతే వాసన రాదూ?"

"వాసన చూడ్డానికి ముక్కు మిగలొద్దూ? ముందు మనిషి బయటికి రావాలి. దాని పీక తర్వాత నొక్కొచ్చు!"

అది గ్యాసు కాదు. అలారం పక్కనే ఒరెస్త్ పెట్టుకున్న పీపాలో ఊరుతున్న క్యాబేజీ. దాని ఆవిరికే అలారం బెదిరిపోయింది. ఈ సంగతి తెలిశాక మహిళా సంఘంవారు ఒదార్కకు కేకు పెట్టారు. ఆమె దానిని తినలేకపోయింది.

మూడోది తిరుగు ప్రయాణం. తలుపు ముందు మెట్టును లోపలికి నెట్టడం, పక్కనున్న నీడపందిరిని చుట్టి బిగించడం ఒరెస్త్ మరిచాడు. ఆ పందిరి కొస మహిళా సంఘంవారి బట్టల తాడును తగులుకుంది. పదహారు ఏప్రన్లు, ఒక బల్లగుడ్డ, ఒదార్క లోపావడా వరుసగా రెపరెపలాడుతూ ట్రైలరు వెంట ఊరిదాకా వచ్చాయి. సరస్సు నుంచి తన కారులో వెనకాలే వస్తున్న మెట్రో ఆగకుండా హారను మోగిస్తూనే ఉన్నాడు. బావమరిది ఉత్సాహంగా ఉన్నాడనుకుని ఒరెస్త్ కూడా తిరిగి మోగిస్తూ ఊళ్ళోకి ప్రవేశించాడు. పెళ్ళి ఊరేగింపేమోనని జనం గుమ్మాల్లోకి వచ్చి నిలబడ్డారు.

ఆ సాయంత్రం వంటింట్లో ఒదార్క తీర్పు చెప్పింది. మెట్రో సాక్షి.

"విను. వచ్చే ఏడు పచ్చ ఆదివారం నాడు ఫాదర్ బళ్ళన్నిటికీ ఆశీర్వాదం చేస్తారు కదా. అప్పటికి నువ్వు ఆ డబ్బాను మనుషులెక్కేలా చెయ్యి. ఆ రోజు నలుగురిలో ఏ తప్పూ జరక్కపోతే నీతో సరస్సుకొస్తాను. వేసవంతా ఉంటాను. నీ వల్ల ఒక్క తప్పు, ఒక్కటంటే ఒక్కటి జరిగిందో, అక్కడికక్కడే తాళం మెట్రో చేతిలో పెట్టాలి."

"నేను ఇప్పుడే తీసుకుంటాను, అక్కా. ఏడాదెందుకు?" అన్నాడు మెట్రో.

"నువ్వు నోర్ముయ్యి."

ఒరెస్త్ ఒప్పుకున్నాడు. ట్రైలరు పోతుందన్న భయం కన్నా, ఆమె లేకుండా సరస్సు ఒడ్డున కాఫీ తాగవలసి వస్తుందన్న భయం ఆయనను ఎక్కువగా పట్టి పీడించింది. మెట్రోతో ఒకసారి అన్నాడు కూడా: "ఒక్కడినే కూర్చుని నీళ్ళు చూడ్డానికైతే ఇంట్లో బకెట్టు ఉందిగా."

శరదృతువులో ఆయన పని మొదలుపెట్టగానే నిచ్చెన కాలు గోఫర్ అనే నేల ఉడుత తవ్విన బొరియలో దిగబడింది. బెల్టూ పట్టీలూ ప్యాంటును కాపాడాయి గాని నడుమును కాపాడలేదు. తొలి మంచు నాటికి ఆయన మంచంలో ఉన్నాడు. పరామర్శకు వచ్చిన మెట్రో, పరామర్శ ముగించి అసలు విషయానికి వచ్చాడు.

"చలి ముదురుతోంది బావా, ట్రైలర్లో నీళ్ళ గొట్టాల సంగతేంటి? గడ్డకడితే పగుల్తాయి. నాకైతే పర్లేదనుకో, చేపల గుడిసెకి కుళాయిలెందుకు?"

"కుళాయిలన్నీ తెరిచి పారబోశానోయ్. చుక్క లేదు."

"వంపుల్లో మిగలదూ?"

"లేదన్నానా!"

పొయ్యి దగ్గర పిండి పిసుకుతున్న ఒదార్క ఇటు తిరగకుండానే, "పగిలితే పగలనీ. పీడా విరగడవుతుంది" అన్నది.

ఆ చలికాలమంతా ఒరెస్త్ వాడిన ట్రైలర్ల సంరక్షణ గురించి గ్రంథాలయంలో దొరికిన ప్రతి పుస్తకాన్నీ తెప్పించుకుని, వీపు కింద దిండు పెట్టుకుని చదివాడు. నీటి గొట్టాలను చలి నుంచి కాపాడే అధ్యాయం వచ్చినప్పుడల్లా, ఆ పని అయిపోయింది కదా అని పేజీలు తిప్పేశాడు. మిగిలినదంతా కంఠస్థం చేశాడు. చదివినదానిని కాగితం మీద రాసుకోవడం ఆయనకు నామోషీ. ఆరాధన క్రమమంతా చూడకుండా పాడగలవాడికి ఒక డబ్బా సంగతి రాసుకోవలసిన ఖర్మ ఏమిటి? కనుక దానికీ ఒక కీర్తన కట్టాడు. ఉపవాసకాలపు ఆరాధనలో పాడే గంభీరమైన రాగంలో, ప్రశ్నకు ప్రశ్న, జవాబుకు జవాబుగా.

వసంతం రాగానే మా వీధికి నిద్ర కరువైంది. కొత్తగా బిగించిన అలారం పనిచేస్తున్నదో లేదోనని ఒరెస్త్ పొద్దున్నే దాని మీట నొక్కేవాడు. పాత అలారానికి ఆయుష్షు తీరిపోయిందనీ, దాని వెనుక గడువు తేదీ ఉంటుందనీ పుస్తకంలో చదివి దిగ్భ్రాంతి చెందాడు. "క్యాబేజీని చూసి అరిచిందంటే, పాపం, అది సంధి ప్రేలాపన" అని దానిని క్షమించాడు. పీపాను మాత్రం ఇంటి నేలమాళిగకు బహిష్కరించాడు. మంటలార్పే సిలిండరును పొయ్యి పక్క నుంచి తీసి తలుపు పక్కకు మార్చాడు. మంట పొయ్యి మీద లేచినప్పుడు దానిని దాటి చెయ్యి చాపవలసి రాకూడదని.

టైర్లు కొనడానికి వెళ్ళి, దుకాణంవాడి ఎదుటే మోకాళ్ళ మీద కూర్చుని, భూతద్దంతో ఒక్కొక్కదాని పుట్టిన తేదీ చదివాడు. చక్రాలు ఊడదీసి, బేరింగులు కడిగి, కొత్త గ్రీజు దట్టించి, మళ్ళీ బిగించి, జాకీ మీద ఎత్తి చేత్తో తిప్పి, చెవి ఆనించి విన్నాడు. సంగీతజ్ఞానం చక్రానికి అక్కరకు వచ్చిన ఘట్టం అదొక్కటే. ఎడమ చక్రం మౌనంగా తిరిగింది. కుడి చక్రం సన్నగా కూనిరాగం తీసింది. "అపశ్రుతి" అని తీర్మానించి ఆ బేరింగును మార్చేశాడు.

గోడలన్నీ బొటనవేలితో నొక్కుతూ పోతే, వెనుక కిటికీ కింద ఒకచోట వేలు మెత్తగా లోపలికి దిగింది. పైకప్పు అతుకులోంచి వాన నీరు ఏళ్ళ తరబడి చెక్కను నానబెట్టింది. చెక్క మార్చాడు. అతుకు పూయడానికి పైకప్పెక్కినప్పుడు, ఈసారి బెల్టు, పట్టీలు చాలవని నడుముకు తాడు కూడా కట్టుకున్నాడు. నిచ్చెన కింద ఎవరో పట్టుకున్నట్టనిపించి తొంగిచూస్తే ఒదార్క.

"నువ్వా?"

"నేను నీకోసం రాలేదు. నా నిచ్చెన పాడవుతుందని వచ్చాను. నీళ్ళ వైపు చూశావా?"

"చూశాను. ట్యాంకు నింపి పంపు వేస్తే గుర్రుమని కాసేపు తిరిగి ఆగిపోయింది. అంటే ఎక్కడా కారడంలేదన్నమాట. గొట్టాలు నిక్షేపంగా ఉన్నాయి!"

"ఉన్నాయా?"

"చెప్పానుగా, చుక్క లేకుండా పారబోశానని. అందుకే."

"అందుకే అన్నమాట. ఇంకేమీ కనపడలేదు?"

"ఇంకేం కనపడాలి?"

ఒదార్క నిచ్చెన వదిలేసి లోపలికి వెళ్ళిపోయింది. ఆ రాత్రి బోర్ష్ అనే ఎర్రని బీట్‌రూట్ చారు గిన్నె మీద మూత పడిన చప్పుడు మా ఇంటికి వినిపించింది. మరో రెండుసార్లు కూడా ఆమె నీళ్ళ ఊసెత్తడం, ఆయన తన ప్రతాపం చెప్పుకోవడం, మూత పడటం జరిగాయి. ట్రైలరు మీద ఆమె కోపం ఇంకా చల్లారలేదని అందరమూ అనుకున్నాము.

పంపు వేశాడే గాని ఒరెస్త్ ఒక్క కుళాయీ తిప్పలేదు. దానికి కారణమున్నది. ఆ ట్రైలరు కుళాయిలోంచి వచ్చే మొదటి నీరు దేవుడికే చెందాలని ఆయన మొక్కుకున్నాడు. పచ్చ ఆదివారం నాడు బళ్ళ మీద చల్లే ఆశీర్వాద జలం తన కుళాయి నుంచే తీసుకోవాలని ఫాదర్ సెవెరిన్‌ను ఒప్పించాడు.

"నీళ్ళు ఎక్కడివైనా నీళ్ళే కదా, ఒరెస్త్" అన్నారు ఫాదర్.

"ఇవి మామూలు నీళ్ళు కావు, ఫాదర్" అన్నాడు ఒరెస్త్. ఆ మాట ఎంత నిజమో ఆయనకు అప్పుడు తెలియదు.

పచ్చ ఆదివారం, అంటే పెంతెకొస్తు పండుగ, వచ్చింది. చర్చి లోపల నేల మీద పచ్చగడ్డి పరిచారు, స్తంభాలకు పాప్లార్ కొమ్మలు కట్టారు. ఫాదర్ పచ్చని వస్త్రాలు ధరించారు. ఆరాధన ముగిశాక జనమంతా పక్కనున్న మైదానంలో చేరారు. కార్లు, పికప్ బళ్ళు, రెండు ట్రాక్టర్లు, ఒక గడ్డికోత యంత్రం వరుసగా నిలిచాయి. వాటన్నిటి ముందు, మెరిసే చారలతో, తలుపు తెరుచుకుని, ఒరెస్త్ ట్రైలరు.

ముందుగా కీర్తన. బదులు పాడేందుకు వేరెవరూ ఒప్పుకోనందున మెట్రోయే బృందగానం. తప్పు ఎక్కడ దొరుకుతుందా అని కళ్ళు ఆ పనిలో, గొంతు ఈ పనిలో పెట్టి అతను నిలబడ్డాడు. ఒరెస్త్ చెవి మీద చెయ్యి ఆనించుకుని ఎత్తుకున్నాడు:

"బండి వెనుక బంతిపై కొక్కెము బిగించి, చీల దోపితిమా?"

"దోపితిమి."

"గొలుసులను క్రిందుగా అడ్డముగా పెనవేసితిమా?"

"పెనవేసితిమి. ఎందుకో మాత్రం తెలీదు."

"కొక్కెం ఊడితే ట్రైలరు మెడ నేలకు గుచ్చుకోకుండా ఉయ్యాల్లా పట్టుకుంటాయోయ్! రాగం తప్పించకు. ఆపద్బ్రేకు తీగను గొలుసుకు గాక బండికే తగిలించితిమా?"

"తగిలించితిమి."

"చక్రముల నట్లను పానాతో మరల బిగించితిమా?"

"బిగించితిమి. మొన్న కూడా బిగించితిమి. నిన్న కూడా బిగించితిమి."

"గ్యాసు గొట్టపు అతుకులపై సబ్బునురుగు పూసితిమా?"

"పూసితిమి. ఒక బుడగ లేచె. గొట్టము మార్చితిమి. పిమ్మట బుడగ లేవకుండె."

మహిళా సంఘంవారు నవ్వు ఆపుకోలేకపోయారు. ఒదార్క నవ్వలేదు. చేతులు కట్టుకుని, తలుపుకు ఎదురుగా నిలబడి, ఎవరికీ అర్థంకాని చూపు చూస్తున్నది. మెట్టు, నీడపందిరి, పైకప్పు యాంటెనా, గ్యాసు సిలిండరు మీట, అన్నీ పాటలో వచ్చి పోయాయి. మెట్రో ముఖం వాడిపోయింది. తప్పు దొరకలేదు.

"ఇక జలము!" అని ఒరెస్త్ ప్రకటించాడు.

ఫాదర్ సెవెరిన్ వెండి పాత్ర పట్టుకుని మెట్టెక్కి లోపలికి వెళ్ళారు. జనం కిటికీల చుట్టూ మూగారు. ఒరెస్త్ పంపు మీట నొక్కి, బొటనవేలూ చూపుడువేలూ కలిపి, నూనెదీపం వత్తి సర్దుతున్నంత సుతారంగా కుళాయి తిప్పాడు.

కుళాయి దగ్గింది. తరువాత తుమ్మింది. ఆ పిమ్మట గులాబీ రంగు ద్రవం బుస్సుమని చిమ్మి, సింకులో పడి, ఎగిరి, ఫాదర్ గడ్డాన్నీ, పచ్చని వస్త్రాలనూ, కిటికీలో తల పెట్టిన మెట్రో ముఖాన్నీ ఒకే ఊపున తడిపింది. ఒరెస్త్ కంగారులో కుళాయిని కట్టబోయి ఇంకా తిప్పాడు. వెండి పాత్ర నిండిపోయింది. పైన గులాబీ నురగ తేలింది.

మెట్రో పెదవులు నాక్కుని అన్నాడు: "బావా, నీ కుళాయిలో బోర్ష్ వస్తోంది."

ఫాదర్ గడ్డం తుడుచుకుని పాత్రలోకి చూశారు. "సువార్తలో నీళ్ళు ద్రాక్షారసమైన సంగతి నాకు తెలుసు, ఒరెస్త్. మధ్యలో ఈ రంగుకొస్తుందని మాత్రం ఎవరూ చెప్పలేదు."

"ఇది... ఇది ఎక్కడిదో నాకు తెలీదు, ఫాదర్. నేను చుక్క లేకుండా పారబోశాను."

"గొట్టాలు గడ్డకట్టకుండా పోసే మందది" అన్నాడు మెట్రో, కిటికీలోంచే. "ప్రాణానికేం కాదులే, కడిగేస్తే పోతుంది. అయితే వసంతంలో ఎవడైనా ముందు దాన్ని పారించి గొట్టాలు కడుక్కుంటాడు. ఎవడైనా! అక్కా, చూశావుగా? నలుగురిలో తప్పు. ఇంకెంతమంది కావాలి? తాళం!"

ఒరెస్త్ మెట్టు దిగి బయటికి వచ్చాడు. భార్య ముఖం చూడలేదు. పట్టీకి పిన్నీసుతో తగిలించుకున్న తాళంచెవిని తీయడానికి ప్రయత్నించాడు గాని, వేళ్ళు తడిసి ఉన్నందున పిన్నీసు రాలేదు. ఆదివారాలు అంత పెద్ద చర్చిని నింపే గొంతు, "పందెం పందెమే కదా" అని అనడానికి రెండుసార్లు మొదలుపెట్టవలసి వచ్చింది.

"ఆగు" అన్నది ఒదార్క. "అది నేను పోశాను."

ఎవరికీ అర్థం కాలేదు.

"నేనే పోశాను! నువ్వు మంచంలో మూలుగుతున్నప్పుడు. చుక్క లేదన్నావు. వంపుల్లో ఉండిపోతాయని నాకు తెలీదా? ఆసుపత్రి వంటింట్లో అన్నేళ్ళు గొట్టాలతో కాపురం చేశాను. దుకాణంలో అడిగి సీసాలు తెచ్చి, నీళ్ళు కాగే డబ్బాకి దారి మూసి, పంపుకు గొట్టం తగిలించి, ఒక్కో కుళాయీ గులాబీ రంగు వచ్చేదాకా తిప్పాను. చేతులు కొంకర్లుపోయాయి!"

"పగిలితే పగలనీ అన్నావుగా!" అని ఒరెస్త్ తెల్లబోయాడు.

"అన్నాను. అంటే పగలనిస్తానా?"

"మరి నాకు చెప్పలేదేం?"

"చెప్పాలా? వసంతంలో కుళాయి తిప్పిన మొదటి రోజే కనపడుతుంది కదా, వచ్చి అడుగుతాడు కదా అనుకున్నాను. నీళ్ళ వైపు చూశావా అని మూడుసార్లు అడిగాను. మూడుసార్లూ, చూశాను, అంతా నా ప్రతాపమే అన్నావు! చూసి కూడా నా ఊసెత్తలేదని ఎంత మండిందో తెలుసా? రెండు మూతలు వంగిపోయాయి!"

"నేను కుళాయే తిప్పలేదు, ఒదార్కా. మొదటి నీళ్ళు..." అని చెప్పబోయి, ఒరెస్త్ వెండి పాత్ర వైపు చూసి ఆగిపోయాడు.

ఒదార్క కూడా పాత్ర వైపు చూసింది. తరువాత ఫాదర్ గడ్డం వైపు, ఆ తరువాత తమ్ముడి ముఖం వైపు. ఆమె నవ్వు మొదట భుజాల్లో కదిలింది. ఎక్కడా కూర్చోవడానికి లేక మెట్టు మీద కూలబడి, ఏప్రన్‌లో ముఖం పెట్టుకుని, ఊపిరాడకుండా నవ్వింది. మైదానమంతా ఆమెను అనుసరించింది. గడ్డికోత యంత్రం మీది ముసలాయన నవ్వులో హారను మీద పడటంతో దానిని ఆపడానికి ఇద్దరు కావలసి వచ్చారు.

మెట్రో ఒక్కడే నవ్వలేదు. "మరి పందెం? ఫాదర్, మీరే చెప్పండి. తప్పు జరిగిందా లేదా?"

"జరిగింది. ఎవరి వల్ల అన్నది చూడాలి. పందెమేమని?"

"బావ వల్ల ఒక్క తప్పు జరిగితే, అని."

"మందు పోసిందెవరు?"

"అక్క."

"పోసిన సంగతి దాచిందెవరు?"

"అక్కే. కానీ ఫాదర్, కుళాయి తిప్పకపోవడం..."

"దేవుడికి మొక్కుకుని తిప్పలేదు. దాన్ని నేను తప్పంటే నా ఉద్యోగం పోతుంది." ఫాదర్ పచ్చని వస్త్రాన్ని పిండుకుంటూ ముగించారు: "నీకు చేపల యోగం లేదు, మెట్రో."

ఫాదర్ సింకు ముందు నిలబడి, స్నానాల కుళాయి సహా ఒక్కొక్కటీ వరుసగా తిప్పించి, నీరు తేటగా, నురగ లేకుండా వచ్చేదాకా పారించారు. వాడిన నీరంతా ట్రైలరు అడుగునున్న మురికి ట్యాంకులోకి చేరింది. వెండి పాత్రను కడిగి కొత్త నీరు పట్టి, ప్రార్థన చదివి, బళ్ళన్నిటి మీదా చల్లారు. ఒరెస్త్ బదులు పాడాడు. ఆ రోజు ఆయన శ్రుతి కొంచెం అటూఇటూ పోయింది, ఎవరూ పట్టించుకోలేదు. భోజనాల తరువాత ఒదార్క ఇంటికి వెళ్ళి పెట్టె సర్దుకుని, కాఫీ కూజాతో తిరిగి వచ్చింది. పెట్టె ముందుగానే సగం సర్ది ఉన్నదని మహిళా సంఘంవారు తరువాత చెప్పుకున్నారు.

బయలుదేరేముందు మళ్ళీ కీర్తన. ఫాదర్ వస్త్రం ఉతికి ఆరవేసిన తాడును నీడపందిరికి దూరంగా కట్టారు. మెట్రో బృందగానానికి రాజీనామా ఇచ్చినందున ఆ స్థానంలో ఒదార్క నిలిచింది. ఒరెస్త్ మొదటి ప్రశ్నగా కొత్త చరణం ఎత్తుకున్నాడు:

"గొట్టములలోని గులాబీ జలమును కడిగితిమా?"

"కడిగితిమి" అని ఆమె పాడింది. గొంతు బొంగురుగా ఉన్నా రాగం తప్పలేదు.

"పోసినవారికి కృతజ్ఞత తెలిపితిమా?"

"ఇంకా లేదు."

"తెలుపుచున్నాము."

"సరేలే. పొద్దుపోతోంది, తర్వాతది పాడు."

గొలుసులు, తీగ, నట్లు, గ్యాసు మీట ఒకటొకటిగా దాటిపోయాయి. ఒరెస్త్ బండి తలుపు మీద చెయ్యి వేసి, చివరి చరణాన్ని చర్చిలో ముగింపు పాడినంత దీర్ఘంగా సాగదీశాడు:

"మెట్టును లోపలికి నెట్టితిమా-ఆ?"

జవాబు రాలేదు. మైదానమంతా వెనక్కి తిరిగి చూసింది.

"ఎలా నెట్టనయ్యా?" అని ఒదార్క అరిచింది. "నేను దానిమీదే నిలబడి పాడుతున్నాను!"